జీవితాంతం మనిషీ జంతువూ బంధం మీదే బొమ్మలేస్తూ పెయింటర్‌గా నిలబడగలమా?

బొగ్గుగీత:

అందరికీ నమస్తే. రెండేళ్ళ నుంచి ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇవాళ మనసులో పెట్టుకోలేక రాస్తున్నా, పొడుగైతే తిట్టుకోకండి.

నేను ఆయిల్స్‌లో బొమ్మలేస్తాను, ఆరేళ్ళవుతోంది. మొదట్లో ఏది కనిపిస్తే అది వేసేదాన్ని, తర్వాత ఒక ఫ్రెండ్ వాళ్ళ కుక్క చనిపోతే దాని బొమ్మ వేసిచ్చా, వాళ్ళు అది ఆన్‌లైన్‌లో పెట్టారు, అంతే ఇంక అక్కడినుంచి అన్నీ పెట్ పోర్ట్రెయిట్లే. ఫోన్‌కి ఫొటో వస్తుంది, కుక్క నాలుక బయటపెట్టి కెమెరా వైపు చూస్తుంటుంది, వెనక సోఫా. నేను సోఫా తీసేసి ప్లెయిన్ బ్యాక్‌గ్రౌండ్ పెట్టి వేసి పంపిస్తా, వాళ్ళు ఏడుస్తూ వాయిస్ మెసేజ్ పెడతారు, డబ్బులొస్తాయి. ఆ పనిని తక్కువ చెయ్యట్లేదండి, ఇంటి ఖర్చులో సగం దాంతోనే నడుస్తోంది.

కానీ నాకు వెయ్యాలని ఉన్నది అది కాదు. మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు మా పిల్లి దాదాపు నెలరోజులు ఆ కాలి పక్కనే పడుకుంది. అంతకుముందు ఎప్పుడూ ఎక్కి తొక్కి పడుకునేది, ఆ నెల మాత్రం ముట్టుకోలేదు, సరిగ్గా ఒక బెత్తెడు దూరంలో పడుకునేది. అమ్మ కూడా దాన్ని పిలవలేదు. ఆ బెత్తెడు జాగా ఉంది చూశారూ, అది వెయ్యాలి నేను. మూడుసార్లు వేశా, మూడుసార్లూ అది ముద్దొచ్చే పిల్లి బొమ్మ అయిపోయింది.

ఈమధ్య ఒక క్యూరేటర్‌కి (ఎగ్జిబిషన్లకి బొమ్మలు ఎంచేవాళ్ళు) పోర్ట్‌ఫోలియో చూపిస్తే మర్యాదగానే 'చెయ్యి బావుంది, కానీ ఇవి గ్రీటింగ్ కార్డు బొమ్మలు కదా' అన్నారు. కోపం రాలేదు, నిజమేనేమో అనిపించింది, అదే ఎక్కువ బాధ.

నా డౌట్లు ఇవీ. ఈ ఒక్క సబ్జెక్టు పట్టుకుని జీవితమంతా పనిచేసి నిజంగా నిలబడ్డ పెయింటర్లు ఉన్నారా, ఉంటే తిండికి ఏం చేశారు? ఇది సెంటిమెంట్‌లోకి జారకుండా ఎలా ఆపాలి? కమిషన్లు, అంటే ఆర్డర్ మీద వేసే బొమ్మలు, మానేసి కూర్చోవాలా? ఎవరైనా అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

---

లైబ్రరీపిల్లి:

ఉన్నారు, పైగా మీ ప్రశ్నకి సరిగ్గా సరిపోయే మనిషి ఒకావిడ ఉంది, రోజా బోనర్. నేను పెయింటర్‌ని కాదు, చదువుకునే టైపు, ఈవిడ గురించి మొదలుపెడితే ఆపలేను, ముందే సారీ.

1822లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో పుట్టింది. తండ్రి కూడా పెయింటరే, డబ్బులేని పెయింటర్. చిన్నప్పుడు ఈవిడకి అక్షరాలు ఎక్కట్లేదని తల్లి ఒక ఉపాయం పన్నిందట, ఒక్కో అక్షరానికి ఒక్కో జంతువు బొమ్మ వెయ్యమని. అలా చదువు వచ్చింది, చదువుతోపాటు జంతువులూ వచ్చాయి. పదకొండేళ్ళకే ఆ తల్లి పోయింది. తర్వాత పారిస్ అపార్ట్‌మెంట్‌లో, అదీ పైఅంతస్తులో, గొర్రెని పెంచారు ఆ ఇంట్లో, తమ్ముడు దాన్ని భుజాన వేసుకుని కిందకి దింపి మేపుకొచ్చేవాడట. ఊహించుకోండి ఆ మెట్లు.

1841లో 19 ఏళ్ళకి పారిస్ సలోన్‌లో, అంటే అప్పట్లో అక్కడి పెద్ద అధికారిక ఎగ్జిబిషన్‌లో, మొదటిసారి బొమ్మలు పెట్టింది, కుందేళ్ళు, మేకలు. అంటే మీలాగే చిన్న జంతువులతోనే మొదలు. కానీ ఇంకోపక్క కబేళాలకి వెళ్ళి ఎముకా కండా చూసి గీసుకునేది, చచ్చిన జంతువుల్ని కోసి చూసేది. ముద్దొచ్చే బొమ్మకీ ఆవిడ బొమ్మకీ తేడా అక్కడే మొదలైందని నా అభిప్రాయం. 1848లో సలోన్‌లో బంగారు పతకం వచ్చింది, దాని వెంటే ప్రభుత్వం 3,000 ఫ్రాంకులకి ఒక బొమ్మ ఆర్డర్ ఇచ్చింది. అదే 1849 నాటి 'నివెర్నేలో దుక్కి' బొమ్మ (నివెర్నే ఫ్రాన్స్‌లో ఒక ప్రాంతం), ఇప్పుడు పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. ఎద్దుల జతలు నాగళ్ళు లాగుతూ ఫ్రేము నిండా నడుస్తుంటాయి, వెంట ఉన్న మనుషులు చాలావరకు ఎద్దుల వెనక దాక్కుపోయి ఉంటారు. ఒక ఎద్దు తల తిప్పి మనవైపు చూస్తుంటుంది. మనిషి మొహం సరిగ్గా కనిపించదు, ఎద్దు మొహం కనిపిస్తుంది, అయినా ఆ మనిషికీ ఎద్దుకీ మధ్య ఏముందో తెలిసిపోతుంది, పని ఉంది, అలవాటు ఉంది, అలసట ఉంది. బంధం అంటే కౌగిలింతే అనుకుంటాం కదా మనం. ఆ బొమ్మలో ఒక్క కౌగిలింత లేదు.

ఇంక 'గుర్రాల సంత' అనే బొమ్మ. 1853 సలోన్‌లో పెట్టింది, ఐదు మీటర్ల పైన వెడల్పు, ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. దానికోసం పారిస్‌లో గుర్రాల సంతకి ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు వెళ్ళి స్కెచ్‌లు వేసుకుంది, మగవాళ్ళ బట్టల్లో. అప్పట్లో ఆడవాళ్ళు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల దగ్గర పర్మిషన్ కాగితం తీసుకోవాలి, ఆరునెలలకోసారి రెన్యువల్. ఆవిడ పేరున 1857 నాటి కాగితం ఇప్పటికీ ఉంది. గుర్రాల మధ్య తిరగడానికి గవర్నమెంట్ దగ్గర లైసెన్సు అన్నమాట.

మీరడిగిన తిండి సంగతికి వస్తే, గాంబార్ అని లండన్‌లో ఒక ఆర్ట్ డీలర్ ఉండేవాడు, ఆ సంత బొమ్మని 40,000 ఫ్రాంకులకి కొన్నాడు, ఇంగ్లండ్ అంతా తిప్పి చూపించాడు, విక్టోరియా రాణి కూడా చూసింది. దాన్నుంచి ఎన్‌గ్రేవింగ్ (అచ్చు వెయ్యడానికి రేకు మీద చెక్కే బొమ్మ) చేయించి ప్రింట్లు అమ్మాడు. అసలు బొమ్మ ఎప్పటికీ చూడలేని వాళ్ళ ఇళ్ళల్లోకి కూడా ప్రింటు వెళ్ళింది. ఆ తర్వాత ఆవిడ సలోన్ వైపు పెద్దగా చూడలేదు, చూడాల్సిన అవసరమూ పడలేదు. ఫాంటెన్‌బ్లో అడవి పక్కన బీ అనే పల్లెలో పెద్ద ఇల్లు కొనుక్కుని గుర్రాలూ గొర్రెలూ లేళ్ళూ, ఆఖరికి సింహాలతో సహా పెట్టుకుని నలభై ఏళ్ళు అక్కడే పనిచేసింది. 1865లో ఫ్రాన్స్ ప్రభుత్వ గౌరవం లీజియన్ ఆఫ్ ఆనర్ వచ్చింది, ఆ గౌరవం అందుకున్న మొదటి మహిళా ఆర్టిస్ట్. ఇదంతా ఒక్కతే చేసింది అనుకోకండి, నాథలీ మికాస్ అనే స్నేహితురాలు చిన్నప్పటి నుంచి 1889లో పోయేదాకా తోడుంది, ఇల్లూ జంతువుల బాగోగులూ చాలావరకు ఆవిడ చేతిమీదే నడిచాయి. ఎవరి కెరీర్ గురించి చదివినా ఈ వెనక మనిషి పేరు ఒక్క లైన్లో తేల్చేస్తారు, నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా. 1857లో ద్యుబుఫ్ అనే పెయింటర్ ఈవిడ పోర్ట్రెయిట్ వేశాడు, చెయ్యి ఒక టేబుల్ మీద ఆనించి నిలబడ్డట్టు. ఈవిడకి ఆ టేబుల్ బోర్ కొట్టింది. తనే కుంచె తీసుకుని టేబుల్ స్థానంలో ఎద్దు తలని వేసేసింది. ఇప్పుడు ఆ బొమ్మలో చెయ్యి ఎద్దు మెడ మీద ఉంటుంది.

---

సగంరంగు:

పైన పోస్ట్ చదవడానికే టీ అయిపోయింది 😄 కానీ ఆ టేబుల్ కథ సూపర్.

నేను చిన్నగా చెప్తా. బ్రిటిష్ పెయింటర్ డేవిడ్ హాక్నీకి స్టాన్లీ, బూజీ అని రెండు డాక్స్‌హండ్ కుక్కలుండేవి, 1995లో వాటిమీద వరసగా బొమ్మలు వేశాడు. అవి ఒక్కచోట కూర్చోవు కదా, ఏంచేశాడంటే ఇంట్లో అక్కడక్కడా కాగితాలూ రంగులూ రెడీగా పెట్టుకున్నాడు, అవి ఎక్కడ పడుకుంటే అక్కడే టకటకా వేసెయ్యడం. ఆ బొమ్మల్లో మనిషి అసలు ఉండడు, కానీ ఆ కుక్కలు అంత హాయిగా పడుకున్నాయంటేనే పక్కన వాటికి భయంలేని మనిషి ఒకడున్నాడని అర్థం. బొగ్గుగీత గారూ, మీ పిల్లి బొమ్మలు ఫొటో చూసి వేశారా, పిల్లిని చూసి వేశారా? నాకు అక్కడే డౌటు.

---

బొగ్గుగీత:

దొరికిపోయా. మూడూ ఫోన్ ఫొటో చూసే వేశా. అమ్మ కాలు కూడా ఫొటోలోదే.

---

పాతకుంచె:

ఇరవై ఏడేళ్ళుగా ఇదే పని చేసి బతుకుతున్నానమ్మా, గుర్రాలు, కుక్కలు, పశువులు, వాటి మనుషులు. పేరున్నవాణ్ణి కాదు, అప్పు లేనివాణ్ణి. పనికొచ్చేవి నాలుగు చెప్తా.

ఫోన్ ఫొటో సంగతి ముందు. దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు ఉబ్బుతుంది, చెవులూ వెనక శరీరమూ చిన్నవైపోతాయి, కళ్ళు ఇంకా పెద్దగా కనిపిస్తాయి. ఆ ముద్దు లెన్స్ తెచ్చిన ముద్దు. నువ్వు దాన్ని నమ్మకంగా కాపీ కొడితే ఆ పాపం నీ కుంచెకి చుట్టుకుంటుంది. ఫొటో వాడాల్సి వస్తే కొంచెం దూరం జరిగి జూమ్ చేసి తియ్యి, జంతువు కంటి ఎత్తుకి వంగి తియ్యి. ఇంకా మంచిది ఫొటో చెవులకీ మచ్చలకీ మాత్రమే పెట్టుకుని మిగతాది చూసి గీసుకోవడం. ఒకే పేజీలో ఐదారు బొమ్మలు మొదలుపెట్టు, పిల్లి కదిలితే ఆ బొమ్మ వదిలేసి పక్కది పట్టుకో, కాసేపటికి అది మళ్ళీ పాత భంగిమలోకే వస్తుంది, జంతువులకి కూడా అలవాటు కుర్చీలుంటాయి. అప్పుడు మొదటిదానికి తిరిగి రా.

రెండోది ఎవరూ చెప్పరు. జనం పంపే కౌగిలింత ఫొటోల్లో సగంలో కుక్కకి అది ఇష్టంలేదు. చూడు జాగ్రత్తగా, తల పక్కకి తిప్పేసుకుని ఉంటుంది, చెవులు వెనక్కి అతుక్కుని, కంటి తెల్లగుడ్డు అర్ధచంద్రంలా కనిపిస్తూ, పెదవి నాక్కుంటూ. మనిషి మొహంలో ప్రేమ, కుక్క మొహంలో ఎప్పుడు వదుల్తావురా బాబూ అని. నువ్వది గమనించకుండా వేస్తే గ్రీటింగ్ కార్డు. గమనించి వేస్తే అదే ఫొటోలోంచి మంచి బొమ్మ వస్తుంది, ఎందుకంటే అది కూడా బంధమే కదా, ఓర్చుకోవడం. నేను ఒకసారి అలాగే వేసిచ్చా, క్లయింటు చాలాసేపు చూసి 'ఇది నన్ను భరిస్తోంది కదండీ' అన్నాడు, తీసుకెళ్ళి హాల్లో పెట్టుకున్నాడు.

మూడోది డబ్బు. కమిషన్లు మానకు. మానేసిన మొదటి నెల హాయిగా ఉంటుంది, మూడో నెల నుంచి సొంత బొమ్మ కూడా అమ్ముడుపోవాలనే టెన్షన్‌తో వేస్తావు, అది ఇంకా చెడిపోతుంది. వారంలో రోజులు విడగొట్టుకో, కమిషన్ రోజులు వేరు, సొంత రోజులు వేరు, సొంత రోజు ఎంత పెద్ద ఆర్డరొచ్చినా ముట్టుకోకు. ఆన్‌లైన్‌లో కూడా రెండూ ఒకే పేజీలో పెట్టకు. క్యూరేటర్ నీ పేజీ తెరిస్తే నలభై కుక్క మొహాల మధ్యలో నీ అమ్మ కాలూ పిల్లీ ఉంటే అది కూడా నలభై ఒకటో కుక్క మొహమే అవుతుంది వాళ్ళకి. అసలు గ్యాలరీకి చూపించేటప్పుడు ఒకే ఆలోచన మీద పది పదిహేను బొమ్మలు చేతిలో ఉండాలి, ఒక్క మంచి బొమ్మ పట్టుకుని వెళ్తే తర్వాత రా అంటారు. చాలాచోట్ల గ్యాలరీ సగం తీసుకుంటుంది, దాన్ని ముందే లెక్కలో వేసుకునే రేటు పెట్టుకో, గ్యాలరీలో ఒక రేటు బయట తక్కువ రేటు పెట్టావంటే ఇద్దరి దగ్గరా చెడతావు.

నాలుగు, కాగితం. సైజు, అడ్వాన్స్, ఎన్నిసార్లు మార్పులు చేస్తావు, ఎప్పటికి ఇస్తావు, బొమ్మ అమ్మినా ప్రింట్ల హక్కు నీదే అని రాసుకో. ఫొటో వేరేవాళ్ళు తీసిందైతే వాళ్ళ పర్మిషన్ తెప్పించమను, ఫొటో హక్కు మామూలుగా తీసినవాళ్ళది, కుక్క ఓనర్‌ది కాదు. ఇవన్నీ చిల్లర విషయాలనుకోకు. గుర్రాల బొమ్మలకి పేరుపడ్డ ఇంగ్లీష్ పెయింటర్ జార్జ్ స్టబ్స్ అంతటివాడు, గుర్రాల్ని నెలలతరబడి కోసి చూసి 1766లో గుర్రం శరీర నిర్మాణం మీద పుస్తకమే వేసినవాడు, డెబ్బై అయిదేళ్ళు దాటాక డబ్బుకోసం కోర్టుకెక్కాడు. హాంబుల్‌టోనియన్ అనే రేసు గుర్రం 1799లో ఒక భయంకరమైన పందెం గెలిచింది, దాని ఓనరు బొమ్మ వెయ్యమన్నాడు, వేశాక డబ్బులివ్వనన్నాడు, స్టబ్స్ కేసు వేసి గెలిచాడు. ఆ బొమ్మ ఎలా ఉంటుందో చూడు ఒకసారి, గెలిచిన గుర్రంలా ఉండదు, అలిసి నోరు తెరుచుకుని ఉంటుంది, పక్కన కుర్రాడు గుడ్డతో తుడుస్తున్నాడు, ఇంకోవైపు గుర్రం మనిషి దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడి మనవైపు చూస్తుంటాడు. గెలిచిందెవరు, అలిసిందెవరు అని అడిగినట్టు ఉంటుంది ఆ చూపు. ఓనరుకి అది నచ్చిందో లేదోగానీ నాకైతే జంతువుకీ మనిషికీ మధ్య వేసిన బొమ్మల్లో అంతకన్నా నిజమైంది కనపళ్ళేదు.

---

నీలిగుర్రం:

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నేను కొంచెం అడ్డం వస్తా. పాతకుంచె గారి మాటలన్నీ కరెక్టే, కానీ సెంటిమెంట్ ప్రశ్నకి ఎవరూ నేరుగా జవాబివ్వలేదు.

ఎడ్విన్ లాండ్సీర్‌ని తీసుకోండి, విక్టోరియా కాలంలో జంతువుల బొమ్మలకి అతన్ని మించినవాడు లేడు. 1837లో ముసలి గొర్రెలకాపరి చనిపోతే అతని కుక్క శవపేటిక మీద గడ్డం ఆనించి కూర్చున్న బొమ్మ వేశాడు, లండన్ వీ అండ్ ఏ మ్యూజియంలో ఉంది. ట్రఫాల్గర్ స్క్వేర్ సింహాలు కూడా అతనివే, 1867లో పెట్టారు, వాటికోసం జూ నుంచి చచ్చిన సింహాన్ని తెప్పించుకుంటే పని పూర్తయ్యేలోపే అది కుళ్ళిపోవడం మొదలైందట. పేరు, డబ్బు, రాణిగారి ఆదరణ అన్నీ వచ్చాయి. కానీ అతని కుక్కలు చాలాచోట్ల కుక్క తొడుగేసుకున్న మనుషులు. ఒకటి గొప్పింటి కుక్కగా, ఇంకోటి పేదింటి కుక్కగా నటిస్తుంటాయి. అలా జంతువుకి మనిషి మొహం తగిలించిన క్షణం అది మనకి మనమే ముద్దు పెట్టుకోవడం. బొగ్గుగీత గారి సమస్య అదే అనుకుంటున్నా.

దానికి పూర్తి ఎదురు జర్మన్ పెయింటర్ ఫ్రాంజ్ మార్క్. నా ఐడీ చూస్తే తెలుస్తుంది నేను ఎవరి పార్టీయో. గుర్రం ప్రపంచాన్ని ఎలా చూస్తుంది, కుక్క ఎలా చూస్తుంది అని అడిగాడు ఆయన, మనం గుర్రాన్ని ఎలా చూస్తాం అని కాదు. 1912లో తన కుక్క రుస్సీని వేశాడు, అది కూర్చుని ఎదురుగా ఉన్న కొండలూ ఎండా చూస్తుంటుంది, మనవైపు చూడదు, మనల్ని పట్టించుకోదు. జంతువుల శరీర నిర్మాణం ఎంత బాగా తెలుసంటే కొన్నాళ్ళు అదే పాఠాలు చెప్పి బతికాడు, తర్వాతే నీలి గుర్రాలు. తిండి సంగతంటారా, 1910 నుంచి బెర్లిన్‌లో కోలర్ అనే కలెక్టర్ నెలనెలా డబ్బు పంపి బదులుగా బొమ్మలు తీసుకున్నాడు, అది లేకపోతే ఏమయ్యేవాడో. 1916లో మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని వెర్దున్ దగ్గర చనిపోయాడు, 36 ఏళ్ళు.

కాబట్టి నా సలహా, పిల్లి వైపు నుంచి చూడండి. అమ్మ కాలు పిల్లికి ఎలా కనిపించి ఉంటుంది? కట్టు, మందు వాసన, మంచం ఎత్తు.

---

లైబ్రరీపిల్లి:

నీలిగుర్రం గారూ, సగం ఒప్పుకుంటా సగం ఒప్పుకోను. లాండ్సీర్ కుక్కల నాటకాల గురించి మీరన్నది నిజం. కానీ ఆ శవపేటిక బొమ్మని ఆ గంపలో వెయ్యకండి. అందులో కుక్క కన్నీళ్ళు పెట్టుకోవట్లేదు, ఆకాశం వైపు చూడట్లేదు. దుప్పటి కొంచెం జారి ఉంది, కుక్క బరువు పెట్టి పేటికకి ఆనుకుంది కాబట్టి. గది ఖాళీ, కింద చేతికర్రా టోపీ పడున్నాయి. కుక్క చేసింది ఒక్కటే, గడ్డం ఆనించడం, కుక్కలన్నీ చేసే పనే అది. రస్కిన్ లాంటి కఠినమైన విమర్శకుడు దాన్ని ఎత్తుకుని మరీ పొగిడింది ఆ వివరాల్ని చూపించే.

ఇంకో మాట, పిల్లి వైపు నుంచి చూడటం కూడా మనం ఊహించుకునేదేగా, పిల్లి వచ్చి కరెక్షన్ చెప్పదు. మార్క్ గొప్పవాడే, కానీ ఆయన బొమ్మల్లోంచి మనుషులు మెల్లగా వెళ్ళిపోయారు. బొగ్గుగీత గారికి మనిషి కూడా కావాలి.

---

నీలిగుర్రం:

'పిల్లి వచ్చి కరెక్షన్ చెప్పదు' 😂 సరే ఆ పాయింట్ మీది. శవపేటిక బొమ్మ మళ్ళీ చూశా, దుప్పటి సంగతి ఎప్పుడూ గమనించలేదు, నిజమే. మిగతా లాండ్సీర్ మీద మాత్రం వెనక్కి తగ్గను.

---

సగంరంగు:

ఇద్దరూ ఉండి మధ్యలో గాలి కూడా కనిపించే బొమ్మ కావాలంటే బ్రిటిష్ పెయింటర్ లూసియన్ ఫ్రాయిడ్‌ది చూడండి, 'తెల్లకుక్కతో అమ్మాయి', 1950-51, బ్రిటన్‌లోని టేట్ మ్యూజియం వాళ్ళ దగ్గర ఉంది. అమ్మాయి అతని అప్పటి భార్యే. కుక్క తల ఆవిడ ఒళ్ళో ఉంది, ఆవిడ మాత్రం కుక్కని చూడట్లేదు, కుక్క కూడా ఆవిణ్ణి చూడట్లేదు. ప్రేమగా ఉందా అంటే చెప్పలేం. ఒంటరిగా ఉందా అంటే ఒళ్ళో బరువుంది కదా. నాకు ఆ బొమ్మ చూస్తే అసలు సెంటిమెంట్ అనే మాటే గుర్తురాదు, కొంచెం చలేస్తుంది.

---

బొగ్గుగీత:

మీ అందరికీ ఒక్కొక్కరికి విడిగా రాయాలి కానీ రాస్తే ఏడుస్తా. పాతకుంచె గారూ, కౌగిలింత సంగతి చదివాక పాత ఫొటోలు తీసి చూశా, గత రెండేళ్ళలో వేసినవాటిలో కనీసం పదకొండింటిలో కుక్క పక్కకి చూస్తోంది, నేను కళ్ళు సరిచేసి కెమెరా వైపు తిప్పేశా. నేనే తిప్పానండి, చేతులారా. క్లయింట్లు అడగనుకూడా లేదు.

ఒక్క ప్రశ్న. చనిపోయిన జంతువుల ఆర్డర్లు నాకు ఎక్కువ వస్తాయి. అక్కడ చూసి గీయడం కుదరదు కదా, వాళ్ళ బాధ నా మీద పడి నేను కూడా తియ్యగా వేసేస్తున్నా. దానికేం చెయ్యాలి?

---

పాతకుంచె:

ఫొటో అడిగే ముందు ఇంటికి వెళ్ళు, కుదరకపోతే ఫోన్లో మాట్లాడు. అది ఎలా ఉండేదని అడక్కు, అలా అడిగితే అందరూ 'చాలా మంచిది' అనే చెప్తారు. ఎక్కడ పడుకునేది, మీరు తలుపు తీస్తే ఏంచేసేది, ఏం చేస్తే మీకు చిరాకొచ్చేది అని అడుగు. చిరాకు ప్రశ్నకి జనం ముందు నవ్వుతారు, తర్వాత నిజం చెప్తారు. ఒకావిడ, వాళ్ళ కుక్క ఎప్పుడూ గుమ్మంలో అడ్డంగా పడుకునేదని, పద్నాలుగేళ్ళు దాటుకుంటూ తిరిగామని, ఇప్పుడు కూడా ఇంట్లో అందరూ అక్కడికొచ్చేసరికి కాలెత్తి దాటుతున్నారని చెప్పింది. నేను కుక్కని వెయ్యలేదు. గుమ్మం, దాటుతున్న కాలు వేశా. ముందు ఆవిడకి చెప్పి ఒప్పించే వేశాననుకో, లేకపోతే అడ్వాన్స్ వెనక్కి అడిగేది.

చూసి గీయడానికి జంతువులు లేవంటావా, షెల్టర్లో పర్మిషన్ అడిగి వారానికోసారి వెళ్ళి కూర్చో. అక్కడ కుక్కలకి మనుషుల మీద ఇంకా నమ్మకం కుదరదు, ఎంత దూరంలో కూర్చోనిస్తాయో వారంవారం గమనించు. నీ బెత్తెడు జాగా అక్కడ రోజుకి నాలుగు రకాలుగా కనిపిస్తుంది. ఆ స్కెచ్‌లు ఎవరికీ అమ్మకు, దాచుకో. బోనర్ చనిపోయాక 1900లో ఆవిడ స్టూడియో వేలం వేస్తే రెండువేల పైచిలుకు బొమ్మలు బయటపడ్డాయంటారు, అందులో ఎక్కువ ఎవరూ చూడని స్టడీలే, అంటే సాధన కోసం వేసుకున్నవే. లైబ్రరీపిల్లి గారూ, తప్పయితే సరిచెయ్యండి.

---

లైబ్రరీపిల్లి:

కరెక్టేనండి. ఇంకోటి కలుపుతా, ఆవిడ పోయాక చాలా ఏళ్ళు పాతకాలపు పెయింటర్ అని పక్కన పెట్టేశారు, ఇంప్రెషనిస్టుల తర్వాత ఆ ఎద్దుల్ని ఎవరు చూస్తారని. 2022లో రెండొందల ఏళ్ళ సందర్భంగా బోర్డోలోనూ తర్వాత ఓర్సేలోనూ పెద్ద ఎగ్జిబిషన్ పెట్టారు, అప్పుడు ఆ స్టడీలనీ గోడకెక్కించారు. మరీ అంత ఓపిక పట్టమని చెప్పట్లేదులెండి.

---

బొగ్గుగీత:

ఐదు వారాల తర్వాత అప్‌డేట్. షెల్టర్‌కి నాలుగుసార్లు వెళ్ళా, మొదటిసారి అన్నీ మొరిగాయి, బొమ్మలు చెత్తగా వచ్చాయి. మూడోసారికి ఒక ముసలి కుక్క వచ్చి నాకు వీపు పెట్టి కూర్చుంది, ఎందుకో తెలీదు, పన్నెండు స్కెచ్‌లు ఇచ్చింది మహాతల్లి. కమిషన్లు మానలేదు, వారానికి మూడు రోజులే, కొత్త పేజీ ఒకటి తెరిచా, అందులో ప్రస్తుతానికి రెండే రెండు బొమ్మలున్నాయి.

ఇంట్లో బొమ్మ నాలుగోసారి వేశా. అమ్మ మోకాలు బాగైపోయింది కాబట్టి పిల్లి మళ్ళీ ఎక్కి తొక్కుతోంది, ఆ దూరం ఇప్పుడు నాకు కనిపించదు. అందుకని అమ్మని అదే మంచం మీద పడుకోమని, పిల్లి పడుకున్నచోట ఒక మడతపెట్టిన టవల్ పెట్టి, పక్క దుప్పటి ముడతలు మాత్రం చూసి గీసుకున్నా. పిల్లిని మాత్రం విడిగా, వంటింట్లో పడుకున్నప్పుడు, వీపువైపు నుంచి. మొహం వెయ్యలేదు. అమ్మ మొహమూ లేదు.

---

సగంరంగు:

మధ్యలో జాగా ఏ రంగు వేశారు? అదే చెప్పలేదు.

---

బొగ్గుగీత:

దుప్పటి రంగేనండి, నీలం బూడిద కలిపి. పిల్లి వైపు కొంచెం వెచ్చగా చేశా, ఎందుకంటే అది అక్కడే అటూ ఇటూ పొర్లేది, దుప్పటి అక్కడ నలిగి నూగుతో నిండి ఉండేది. ఇంకా తడిగానే ఉంది, ఆరాక పెడతా. ఈలోపు పిల్లి దానిమీద నడవకపోతే.